దూది పరీక్ష

సిరొంచ సర్కారు దవాఖానల
కండ్లు మూసుకొమ్మన్నడు డాక్టరు మడావి.
వేలి కొసకు ఏదో ఆనిచ్చి
"తెలుస్తుందా ఓదెలన్నా?" అన్నడు.
తెలుస్తలేదు.
సక్కెర రోగం మొదలు పాదాలు తిన్నది,
ఇప్పుడు వేళ్లకాడికి వచ్చింది.
దూది అని ఆయన చెప్పినంక
దూది ఎట్లుంటదో యాదికి తెచ్చుకున్న.

ముప్పై రెండేండ్లు పశువుల దవాఖానల అటెండర్ను.
బర్రెలు, మేకలు, ఎడ్ల గిట్టలు నా లెక్క.
ఎప్పుడో ఓ రాత్రి
జంగ్లాతు జీపు వచ్చి గేటు కాడ హారన్ కొడితే
రిజిస్టర్ల ఎక్కని జీవాలు
ఈ చేతుల కిందికి వచ్చేటివి.

చిరుతపులి పట్టులెక్క ఉంటదని మా పోచుబాయి అనుకున్నది.
పట్టు కాదే, గోనెసంచి అన్న.
వీపు మీది బొచ్చు బిరుసు,
ఎదురు నిమిరితే అరచెయ్యి గీరుకపోతది.
తొడ మడతల మాత్రం
పసిబిడ్డ మాడు.
మత్తుల నాలుక బయటపడితే పక్కకు జరిపిన,
బొటనవేలికి ఆకురాయి తగిలింది.
ఆ రాత్రి అన్నం కలుపబుద్ధి కాలే.
వాసనకు కాదు.
చేతికి ఇంకేదీ అంటొద్దని.

గుడ్డెలుగు బొచ్చుల చెయ్యి పెడితే
చెయ్యి కనబడకుంట పోతది.
ఎండిన గడ్డి, పల్లేరుకాయలు,
ఇప్పపువ్వు జిగురు,
ఎవరి కంచెదో సన్నని తీగముక్క,
అన్నీ దాటి పోతే అడుగున తోలు,
జొరమొచ్చిన మనిషి వీపంత వేడి.
అదే ఎలుగు తునికాకుకు పోయిన ఎంకులు మొఖం చీరింది.
పొద్దున ఆయన మంచం కోడు పట్టి మోసి
నా భుజానికి ఆనిన ఆయన నెత్తి ఎంత వేడో చూసిన.
రెండు వేడిలు ఒక్కతీరుగ ఉన్నయి.
ఆ మాట ఎంకులుకు చెప్పలే.
చచ్చేదాక చెప్పలే, ఆయన చచ్చేదాక.

కొండచిలువ సంగతి ఏం చెప్పాలె,
తడి లేదు, జిగట లేదు,
పట్టుకుంటే లోపల ఎవరో కూసోని
నిమ్మళంగ తాడు పేనుతున్నట్టు.

అలుగును తెచ్చిన దినం వాన.
ప్రాణహిత రేవుల ఎవడో
సంచిల మూట గట్టి నది దాటియ్యబోతే
గార్డు ఆత్రం రైను పట్టుకున్నడు.
ముద్దయి ఉన్నది, కొబ్బరిబోండమంత.
పొలుసు అంచు తడిమితే
నా గోరే నాకు తగిలినట్టు.
ఎంత నిమిరినా విప్పుకోలే.
చెవులకు వాన తప్ప ఏం లేదు,
దాని గుండె అరచెయ్యికే వినబడ్డది.
ఇసుకల దించి పక్కన కూసున్న.
బీడీకట్ట నానిపోయింది.
చానసేపటికి సందులనుంచి ముక్కు,
ముక్కు ముందట నాలుక,
తడిపిన దారమంత సన్నం,
నా మణికట్టు మీద ఒక్కసారి.
ఉప్పు చూసిందో, మనిషిని చూసిందో.
లేచి, ఎన్కకు సూడకుంట
ముళ్లపొదలకు పోయింది.

ఇప్పుడు నేను తానం చెయ్యాలంటే
బకెట్ల పోచుబాయి చెయ్యి పెట్టి చూడాలె.
గ్లాసు జారితే చప్పుడైనంకనే తెలుస్తది.
మనుమరాలు నా వేలు పట్టుకుంటే
వేలికి ఏదో ఉన్నదని తెలుస్తది,
మనుమరాలని తెలువది.
వానల ఆ రాత్రి అలుగుకు
నా చెయ్యి గట్లనే తెలిసుంటది.
పొలుసు మీద బరువు.
ఎవరిదో, ఎందుకో తెలువని బరువు.

"ఇక్కడ?" అన్నడు డాక్టరు.
లేదు.
"ఇక్కడ?"
లేదు సాహేబ్.
దూది అరచెయ్యి దాటింది.
మణికట్టు కాడికి వచ్చింది.
ఆగు, అన్న.
ఆయన ఆపిండు.
కండ్లు తెరువకుంటనే అన్న,
ఆడ తెలుస్తుంది.

కాయితం మీద మరాఠీల ఏదో రాసుకున్నడు.